ప్లాటర్‌లో పెద్ద మ్యాపు సగంలో ఆగిపోతే: బోర్డు మార్చేముందు చూడాల్సినవి

తమ్ముడూ, చదివే మిగతావాళ్లకూ తెలియాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెబుతా. మహబూబ్‌నగర్‌లో కొత్తగా షాపు పెట్టావు. 36 అంగుళాల ప్లాటర్ (పెద్ద కాగితాల మీద తీసే ప్రింటర్) ఉంది. ఇళ్ల ప్లాన్లు, చిన్న డ్రాయింగులు ఏ ఇబ్బందీ లేకుండా వస్తున్నాయి. ఒక సర్వేయర్ డ్రోన్ ఫొటో మీద సర్వే నంబర్ల హద్దులు గీసిన మ్యాపు తెచ్చాడు, ఏ0 సైజు పీడీఎఫ్. ఒకసారి సగం వచ్చాక కాగితం కోసేసింది. ఇంకోసారి చాలాసేపు 'ప్రాసెసింగ్' అని చూపించి ఊరుకుంది. మళ్లీ పంపితే హద్దులన్నీ వచ్చాయి గానీ ఫొటోలో ఒక మూల తెల్లగా మిగిలింది. పీసీలో 4 జీబీ ర్యామ్, ప్లాటర్‌కు యూఎస్‌బీ కేబుల్. మెకానిక్ వచ్చి బోర్డు పోయిందన్నాడు, లేదంటే పెద్ద ప్లాటర్ తీసుకోమన్నాడు.

ఇప్పుడే బోర్డు జోలికి పోకు. చిన్న డ్రాయింగులు శుభ్రంగా వస్తూ, ఒక్క పెద్ద ఫైలే ఒక్కోసారి ఒక్కోరకంగా చెడిపోతోందంటే నేను ముందు అనుమానించేది డేటాను. నల్లగొండలో మా దగ్గరికి కాలువల లాంగ్ సెక్షన్లు (పొడవునా నేల ఎత్తుపల్లాలు చూపే డ్రాయింగులు), రోడ్ల డ్రాయింగులు, వెంచర్ల లేఅవుట్లు రోజూ వస్తాయి. ఆగిపోయిన పెద్ద ఫైళ్లలో ఎక్కువ భాగం ప్లాటర్ దాకా పోకముందే పాడైనవే.

పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఎన్ని ఎంబీలు ఉందో చూసి బరువు అంచనా వేయకు. పీడీఎఫ్‌లో ఫొటో కుదించి ఉంటుంది, ప్రింట్ చేసేటప్పుడు అదంతా విప్పుకోవాలి. ఏ0 అంటే 841 మిల్లీమీటర్ల వెడల్పు, 1189 మిల్లీమీటర్ల పొడవు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల దగ్గర అది దాదాపు 14 కోట్ల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు మూడు బైట్లు వేసుకుంటే 418 ఎంబీ. అదే 600 డీపీఐ అయితే నాలుగింతలు, అంటే 1.67 జీబీ. 1200 పెడితే 6.7 జీబీ. 'బెస్ట్ క్వాలిటీ' అని ఒక్క టిక్కు పెట్టినందుకు 4 జీబీ పీసీ మీద ఎంత బరువు పడుతుందో చూడు. పైగా నువ్వు వాడే పీడీఎఫ్ రీడర్ 32 బిట్‌దైతే, పీసీలో ఎంత ర్యామ్ ఉన్నా విండోస్ దానికి మామూలుగా ఇచ్చే జాగా 2 జీబీయే.

ఇక ఆ డ్రోన్ ఫొటో సంగతి. అసలు చిక్కు ఇక్కడే ఉందని నా నమ్మకం. సర్వేయర్లు ఇప్పుడు 2 సెంటీమీటర్లకు ఒక పిక్సెల్ చొప్పున ఫొటో తీస్తున్నారు. మ్యాపు స్కేలు 1:1000 అనుకుందాం. ఏ0 కాగితం దాదాపు ఒక చదరపు మీటరు. అంటే నేల మీద ఒక చదరపు కిలోమీటరు, 247 ఎకరాలు. అంత జాగాను 2 సెంటీమీటర్ల పిక్సెళ్లతో నింపితే 250 కోట్ల పిక్సెళ్లు, విప్పితే 7.5 జీబీ. కాగితం మీద ఆ పిక్సెల్ సైజు 0.02 మిల్లీమీటర్లు, అంటే 1270 డీపీఐ. చేతిలో పట్టుకుని చూసే ఫొటోకే 300 చాలు. గోడకు అంటించి మూరెడు దూరం నుంచి చూసే మ్యాపుకు 200 కూడా బాగుంటుంది. మిగిలినదంతా కంటికి కనపడని బరువు. దాన్ని పీసీ మోయాలి, కేబుల్ మోయాలి, ప్లాటర్ మోయాలి.

అందుకే సర్వేయర్‌కు ఫోన్ చేసి, ప్రింట్ కోసం ఫొటోను 10 సెంటీమీటర్లకు ఒక పిక్సెల్‌గా మార్చి మళ్లీ పీడీఎఫ్ చేయమను. అదే 1:1000 స్కేలులో అది 254 డీపీఐ అవుతుంది. పిక్సెళ్లు 10 కోట్లకు, బరువు 300 ఎంబీకి దిగుతాయి. 25 వంతుల్లో ఒక వంతు అన్నమాట. కాగితం మీద బావి, గట్టు, చెట్టు అన్నీ అలాగే కనిపిస్తాయి. హద్దుల గీతలు, సర్వే నంబర్లు వెక్టర్‌గానే, అంటే చుక్కలుగా కాక గీతలుగానే ఉంటాయి కాబట్టి వాటి పదును ఏమాత్రం పోదు. అసలు ఫొటో ఆయన దగ్గర ఎలాగూ భద్రంగా ఉంటుంది. స్కేలు 1:500 అయితే 5 సెంటీమీటర్ల పిక్సెల్ అడుగు, లెక్క అదే వస్తుంది.

క్యూజీఐఎస్ (మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లైతే రాస్టర్ మెనూలో ప్రొజెక్షన్స్ కింద వార్ప్ అని ఉంటుంది. రిజొల్యూషన్ దగ్గర 0.1 పెట్టి, రీశాంప్లింగ్ 'యావరేజ్' ఎంచుకోమను. మామూలుగా అక్కడ ఉండే 'నియరెస్ట్ నైబర్' పెడితే గట్లు, దారులు మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తాయి. ఇక్కడ ఒక విషయంలో పైలం. ఫొటో మీటర్ల లెక్కలో, అంటే యూటీఎంలో (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) ఉంటేనే 0.1 అంటే 10 సెంటీమీటర్లు. డిగ్రీల్లో ఉంటే 0.1 డిగ్రీ అంటే సుమారు 11 కిలోమీటర్లు, ఊరంతా ఒక్క పిక్సెల్‌లోకి ముడుచుకుపోతుంది. మీ వైపు ఇంకో తిరకాసు కూడా ఉంది. యూటీఎం 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖాంశం మహబూబ్‌నగర్ పక్క నుంచే పోతుంది. మక్తల్, నారాయణపేట 43లోకి వస్తాయి, జడ్చర్ల, మా నల్లగొండ 44లోకి వస్తాయి. ఫొటో ఒక జోన్‌లో, హద్దులు ఇంకో జోన్‌లో ఉన్న ఫైలు చేతికొస్తే ప్రింట్ చేయకుండా వెనక్కి పంపు.

ఫైలు తేలిక చేయించాక కూడా ఆగితే, ఎక్కడ ఆగుతోందో చూడాలి. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చితే దేనివల్ల బాగైందో ఎప్పటికీ తెలియదు. ఒకటి మార్చు, పంపు, చూడు.

ప్రింట్ నొక్కగానే క్యూ (పీసీలో ప్రింట్ జాబుల వరుస చూపే పెట్టె) తెరిచి పెట్టుకో. పీడీఎఫ్ రీడర్‌లోనే 'ఫ్లాటెనింగ్' అంటూ శాతం దగ్గర ఆగితే క్యూలోకి ఇంకా ఏమీ రాలేదని అర్థం. తప్పు ప్లాటర్‌ది కాదు, కేబుల్‌దీ కాదు. ఇలా ఆగేది ఎక్కువగా ట్రాన్స్‌పరెన్సీ వల్ల. ఫొటో మీద ప్రభుత్వ భూమి పచ్చగా, చెరువు శిఖం నీలంగా, సగం కనపడేలా రంగు పూస్తారు చూడు, ఆ రంగు కింద ఉన్నదాన్నంతా కలిపి ముద్దగా చేయాల్సి వస్తుంది. క్యూజీఐఎస్‌లో లేయర్‌కు బ్లెండింగ్ పెట్టినా, ఆటోక్యాడ్‌లో 'ప్లాట్ ట్రాన్స్‌పరెన్సీ' టిక్కు ఉన్నా ఇదే జరుగుతుంది. ఆ రంగును తీసేసి ఏటవాలు గీతల హ్యాచ్ వేయమంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. నన్నడిగితే నలుపు తెలుపు జిరాక్సులో కూడా హ్యాచే బాగా తెలుస్తుంది. వాళ్లు మార్చి ఇవ్వలేకపోతే రీడర్ ప్రింట్ పెట్టెలో 'అడ్వాన్స్‌డ్' నొక్కి 'ప్రింట్ యాజ్ ఇమేజ్' టిక్కు పెట్టు, డీపీఐ 300 ఇవ్వు. 150కి దిగకు, 124/అ లాంటి చిన్న సర్వే నంబర్లు అలుక్కుపోతాయి.

క్యూలో 'స్పూలింగ్' అని ఉండి అంకె పెరిగి పెరిగి ఆగిపోతే సీ డ్రైవ్ చూడు. ప్రింట్‌కు వెళ్లే ప్రతిదీ ముందు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే చోట ఫైలుగా తయారవుతుంది. సీ డ్రైవ్‌లో మూడు నాలుగు జీబీలే ఖాళీ ఉంటే పెద్ద మ్యాపు అక్కడే ఊపిరాడక ఆగుతుంది. ఇంతకుముందు ఆగిపోయిన జాబుల ముక్కలు కూడా అక్కడే పేరుకుని ఉంటాయి. సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్‌ను ఆపు, ఆ ఫోల్డర్ లోపల ఉన్నవి తుడిచెయ్యి, ఫోల్డర్‌ను మాత్రం ఉంచు, మళ్లీ స్పూలర్ మొదలుపెట్టు. డీ డ్రైవ్‌లో జాగా ఉంటే ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ కింద స్పూల్ ఫోల్డర్‌ను అటు మార్చేయొచ్చు.

ఇక ప్లాటర్ సొంత ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిస్తే, అందులో అడ్వాన్స్‌డ్ పేజీలో 'స్టార్ట్ ప్రింటింగ్ ఇమీడియట్లీ' అని ఉంటుంది. దాన్ని తీసి 'ఆఫ్టర్ లాస్ట్ పేజ్ ఈజ్ స్పూల్డ్' పెట్టు. నీ పీసీ నెమ్మది. అది వండుతుంటే ప్లాటర్ తింటూ పోతే మధ్యలో కంచం ఖాళీ అవుతుంది. ఫైలు మొత్తం తయారయ్యాకే కదలాలి.

క్యూలో 'ప్రింటింగ్' అని ఉండి, మొత్తంలో కొంత దూరం పోయి అంకె కదలకపోతే దారిలో తెగుతోంది. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. షాపులో కౌంటర్ నుంచి ప్లాటర్ దూరమని పొడుగు తీగను ఇంకో తీగకు అతికించి ఉంటే చిన్న డ్రాయింగు పోతుంది, పెద్దది తెగుతుంది. హబ్ మధ్యలో ఉంటే తీసెయ్యి. పవర్ ఆప్షన్స్‌లో 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్' ఆపెయ్యి. ప్లాటర్‌కు ల్యాన్ పోర్టు ఉంటే యూఎస్‌బీని వదిలి దానికి రావడం మేలు. 100 ఎంబీపీఎస్ ల్యాన్ కూడా సెకనుకు 11, 12 ఎంబీలు మోస్తుంది, 418 ఎంబీ మ్యాపు నిమిషంలోపే దాటిపోతుంది. వైఫై మీద మాత్రం ఇంత పెద్దవి పంపకు.

ల్యాన్ పెడితే ప్లాటర్‌కు ఐపీ అడ్రస్ స్థిరంగా ఇచ్చుకో. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ ఇంకో నంబరు ఇవ్వొచ్చు, పీసీ మాత్రం పాత నంబరుకే పంపుతూ 'ఆఫ్‌లైన్' అంటుంది. ప్లాటర్ బాగానే ఉన్నా పీసీ ఊరికే 'ఆఫ్‌లైన్' చూపిస్తుంటే పోర్టు సెట్టింగులో 'ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్' టిక్కు తీసి చూడు. పీసీ, రౌటర్, ప్లాటర్ మూడూ యూపీఎస్ మీద ఉండాలి. రౌటర్‌ను మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక క్యూ ఖాళీ అయింది, పీసీ పని అయిపోయింది, ప్లాటర్ తెర మీద మాత్రం 'ప్రాసెసింగ్' కదలడం లేదంటే అప్పుడు నిజంగా ప్లాటర్ మెమరీ దగ్గర ఆగింది. నీ మోడల్ ఏదో నువ్వు రాయలేదు. మనవైపు ఎక్కువగా కనపడేవి హెచ్‌పీ డిజైన్‌జెట్‌లు కాబట్టి ఆ డ్రైవర్‌లో ఉండే పేర్లతో చెబుతా, వేరే కంపెనీవాటిలో ఇలాంటివే వేరే పేర్లతో వెతుక్కో. అడ్వాన్స్‌డ్ ట్యాబులో డాక్యుమెంట్ ఆప్షన్స్, ప్రింటర్ ఫీచర్స్ కింద 'సెండ్ జాబ్ యాజ్ బిట్‌మ్యాప్' ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చెయ్యి. అప్పుడు గీతలు, ఫొటో, అక్షరాలు అన్నీ పీసీలోనే కలిసి ఒకే బొమ్మగా వెళ్తాయి, ప్లాటర్ కూర్చుని లెక్కలు వేయాల్సిన పని తగ్గుతుంది. నీకు ఫొటోలో ఒక మూల తెల్లగా మిగిలింది చూడు, ఆ జబ్బుకు ముందు వేయాల్సిన మందు ఇదే. అక్కడే 'మ్యాక్స్ అప్లికేషన్ రిజొల్యూషన్' ఉంటే 300 పెట్టు. క్వాలిటీ 'బెస్ట్' నుంచి 'నార్మల్'కు దించు.

సగంలో కాగితం కోసేసింది అన్నావు కదా, దానికి ప్లాటర్ ముందు ప్యానెల్ మీద 'ఐఓ టైమౌట్' చూడు. పీసీ నుంచి డేటా కాసేపు రాకపోతే ప్లాటర్ ఆ గడువు దాకా ఎదురు చూసి, ఫైలు అయిపోయిందనుకుని కోసేస్తుంది. పీసీ నెమ్మదైతే ఆ గడువు పెంచాలి. ప్రింట్ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న చోట 'ఆఫ్టర్ ప్రాసెసింగ్' ఉంటే అదే పెట్టు. మధ్యమధ్యలో హెడ్ ఆగి ఆగి నడిస్తే ఆగినచోట ఇంకు ఆరిపోయి అడ్డంగా చార పడుతుంది. పచ్చని పొలం మధ్యలో సన్న గీత కనిపిస్తే నాజిల్ పోయిందని హెడ్లు మార్చకు, ముందు ఈ సెట్టింగు చూడు.

ఆటోక్యాడ్ నుంచి నేరుగా ప్లాట్ ఇస్తే ఫొటో మాత్రం రాకపోవడం ఇంకో రకం. అందులో రాస్టర్‌పర్సెంట్, రాస్టర్‌త్రెషోల్డ్ అని రెండు వేరియబుల్స్ ఉన్నాయి. మామూలుగా రెండూ 20 మీద ఉంటాయి. ఫొటో 20 ఎంబీ దాటితే ఆటోక్యాడ్ మెమరీ ఎంతుందో చూసుకుంటుంది, ఉన్నదాంట్లో 20 శాతానికి మించి తినేలా ఉంటే ఆపేస్తుంది. కమాండ్ లైన్‌లో వాటిని పెంచుకోవచ్చు. బ్యాక్‌గ్రౌండ్‌ప్లాట్‌ను 0 చేసి పంపితే ఎక్కడ ఆగిందో కళ్ల ముందే కనిపిస్తుంది.

కాలువ, రోడ్డు లాంగ్ సెక్షన్లు కూడా నీ దగ్గరికి వస్తాయి కాబట్టి పొడవు సంగతి కూడా ఇప్పుడే తెలుసుకో. 8 కిలోమీటర్ల డిస్ట్రిబ్యూటరీని (పిల్ల కాలువను) 1:2000లో గీస్తే 4 మీటర్ల కాగితం. ఫైలు తేలికే, అన్నీ గీతలే, అయినా ఒకచోట టక్కున తెగుతుంది. విండోస్ కాగితం పొడవును మిల్లీమీటరులో పదో వంతు లెక్కన, 32767 వరకే రాసుకోగలదు. అంటే 3.2767 మీటర్లు. దానికి మించి మామూలు దారిలో పోదు. 3 మీటర్ల దగ్గర మ్యాచ్‌లైన్ (రెండు షీట్లు కలిసే గీత) పెట్టి రెండు ముక్కలుగా ఇవ్వమని ఇంజినీరుకు చెప్పు, చైనేజీ (మొదటి నుంచి ఎంత దూరమో చూపే అంకె) రెండు షీట్ల మీదా ఉండాలి. లేదంటే డ్రైవర్‌ను వదిలేసి, ప్లాటర్ ఐపీ అడ్రస్‌ను బ్రౌజర్‌లో తెరిచి దాని సొంత పేజీ నుంచి ఫైలు పంపు. పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటింగ్ భాష తెలిసిన మోడలైతేనే అలా పీడీఎఫ్ తీసుకుంటుంది. లేనివాటికి టిఫ్, జేపెగ్, హెచ్‌పీజీఎల్ ఇవ్వాలి. నేను మొండి మ్యాపులన్నింటికీ చివరికి నమ్ముకునేది ఈ టిఫ్ దారినే. 300 డీపీఐ టిఫ్‌గా మార్చి పంపితే ఫాంటు గొడవ ఉండదు, లేయర్ గొడవ ఉండదు. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) ఊరి పేర్లు టైపు చేసిన పాత ఫైళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. ఫాంటు ఎంబెడ్ కాకపోతే 'కోయిలకొండ' అని ఉండాల్సినచోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు పడతాయి. అయితే టిఫ్ తయారయ్యాక పేర్లు ఒకసారి చదివి చూసుకో, తప్పు అక్షరం బొమ్మగా మారితే తప్పుగానే ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా విను. ఆగిపోయే ఫైలును ఎలాగైనా బయటికి తీయాలన్న తొందరలో చాలామంది 'ఫిట్ టు పేజ్' కొడతారు, లేదా ఏ2లో తయారుచేసి ప్లాటర్‌లో 200 శాతం పెంచుతారు. రెండోది తప్పు దారి కాదు, లెక్క సరిగా ఉంటే పని చేస్తుంది. కానీ 'ఫిట్ టు పేజ్' మార్జిన్ల కోసం మ్యాపును 97 శాతానికి కుదిస్తే చూడ్డానికి ఏ తేడా తెలియదు. పొడవులో 3 శాతం పోతే విస్తీర్ణంలో దాదాపు 6 శాతం పోతుంది. ఎకరానికి 40 గుంటలు. ఆ కాగితం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఎకరంలో రెండు గుంటలకు పైగా తక్కువ కనిపిస్తుంది. ఇద్దరు అన్నదమ్ములు పంచాయితీలో ఆ కాగితాన్ని మధ్యలో పరచుకుని కూర్చుంటారు. మన షాపులో పడిన ఒక టిక్కు వాళ్ల మధ్య గొడవ పెట్టకూడదు.

అందుకని హద్దులున్న ఏ మ్యాపైనా 'యాక్చువల్ సైజ్' మీదే తీయి. కాగితం బయటికి రాగానే స్టీలు స్కేలు తీసి మ్యాపు మీది స్కేల్ బార్‌ను కొలువు. 1:1000లో 100 మీటర్ల బార్ 100 మిల్లీమీటర్లు ఉండాలి. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి కొలవాలి, రోలు వంకరగా ఎక్కితే ఒకవైపే తేడా వస్తుంది. తేడా ఉంటే ఆ కాగితం గిరాకీకి ఇవ్వకు, ఎంత తొందరపెట్టినా ఇవ్వకు.

నష్టం తగ్గించుకోవడానికి, మొత్తం ఏ0 పంపేముందు మ్యాపులో అన్నిటికంటే కిక్కిరిసిన చోటు, ఊరి గ్రామకంఠం లాంటిది, జానెడు ముక్క కత్తిరించి ప్రింట్ తీసి చూడు. రంగు, అక్షరం, ఫొటో పదును అన్నీ ఆ ముక్కలో తెలిసిపోతాయి. ఆ ముక్క సర్వేయర్‌కు చూపించి సరే అనిపించుకున్నాక పెద్దది తీయి.

డబ్బు పెట్టాలనుకుంటే ప్లాటర్ మీద కాదు, పీసీ మీద పెట్టు. 16 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ, 64 బిట్ విండోస్, 64 బిట్ రీడర్. పెద్ద ఫైళ్లు తీసుకోవడానికి ఒక పెన్‌డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి పెట్టుకో. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, డ్రోన్ టిఫ్‌లు తరచూ దాటుతాయి.

నీ మ్యాపుకైతే నేను ఈ వరుసలో పోతా: ముందు స్పూల్ ఫోల్డర్ తుడిచి, అదే పీడీఎఫ్‌ను 'ప్రింట్ యాజ్ ఇమేజ్' 300లో, నార్మల్ క్వాలిటీలో పంపి చూస్తా. ఆగితే 10 సెంటీమీటర్ల ఫొటోతో కొత్త పీడీఎఫ్ అడుగుతా. అదీ ఆగితే టిఫ్ చేసి పంపుతా. ఆ టిఫ్ కూడా మంచి కేబుల్ మీద, వేరే పీసీ నుంచి పంపినా ఆగితే అప్పుడు బోర్డు గురించి మెకానిక్‌తో మాట్లాడు. అప్పటికీ తేలకపోతే ప్లాటర్ మోడల్, ఆగిన క్షణంలో క్యూలో ఉన్న మాట, ప్లాటర్ తెర మీద ఉన్న మాట, సీ డ్రైవ్‌లో ఖాళీ జాగా, ఈ నాలుగూ రాసి పెట్టు, చూసి చెబుతా.